ఒకటో నంబరు గడి

గంటగంటకీ ఫోన్ మోగుతుంది, అవతలి మనిషి అంకె చెబుతాడు, రిజిస్టరమ్మ దాన్ని గడిలో రాస్తుంది. వరద ఆఫీసులో పదకొండేళ్లుగా ఆవిడ పని ఇదే. ఏటి పొడవునా పది కొలబద్దలు, రిజిస్టర్లో గంటకి పది గళ్లు. ఫోన్ రాకపోతే, ఆ కొలబద్దతో నీళ్లు కలిసే ఇరుగుపొరుగు అంకెలకి సగటు కట్టి ఖాళీ నింపాలి. ఏ అంకె వేస్తే అక్కడ నీళ్లు ఆ అంకె దగ్గరే నిలబడతాయి. అందుకే చేరిన రోజునే అధికారి చెప్పాడు. "కొట్టివేతలు వద్దమ్మా. జాలిపడి తగ్గించి రాశావంటే, ఆ తగ్గించిన నీళ్లు ఇంకెవరి ఇంట్లోకో పోతాయి."

ఏడో కొలబద్ద కాపలాదారు ఆవిడ తమ్ముడే. పొద్దున తొమ్మిది నుంచీ వాడి ఫోన్ లేదు. ఆరుకీ ఎనిమిదికీ సగటు కట్టి, మూడు గంటలూ పన్నెండడుగులే వేసింది. వాడి గది కప్పు కొలబద్ద మీద పద్నాలుగో అడుగు దగ్గర. రెండడుగులుంది కదా అని గుండె చిక్కబట్టుకుంది.

పన్నెండింటికి కాలువ గట్లు చూసే లస్కరు ఒళ్లంతా బురదతో వచ్చాడు.

"గట్టు తెగిందమ్మా. ఏడుకి ఇక ఆరుతోనూ ఎనిమిదితోనూ పొత్తు లేదు. మూడుతో కలిసిపోయింది. ఆ నీళ్లే మన వెనక వీధిలోకీ వస్తున్నాయి."

మూడో నంబరు అంకె అప్పుడే వచ్చింది. పదిహేడు. న్యాయంగా అయితే ఏడుకీ పదిహేడే రాయాలి. ఆవిడ పక్క బల్ల దగ్గరున్న అధికారి వైపు తిరిగింది.

"వాడు నా తమ్ముడండీ."

"తెలుసమ్మా," అన్నాడు అధికారి. "మిగతా అయిదడుగులూ ఎవరి నెత్తిన పోస్తావు?"

ఆవిడ వరస మొత్తం వెతికింది. ఇంకొక్క గడే ఖాళీ. ఒకటో నంబరు, ఆఫీసు మెట్ల మీది కొలబద్ద. ఎప్పుడూ పొడే కాబట్టి దాన్ని ఏనాడూ ఎవరూ నింపలేదు.

"మీరు మేడెక్కండి," అంది. ఏడులో పన్నెండు వేసింది, ఒకటిలో అయిదు.

అధికారి ఆ అంకె చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మేడెక్కాడు. లస్కరు రమ్మని బతిమాలాడు. ఫోన్ తీగ బీరువా దాకానే వస్తుంది. రిజిస్టరు, ఫోన్ పట్టుకుని ఆవిడ బీరువా ఎక్కింది. నీళ్లు గుమ్మం దాటి, బల్లలు ముంచి, సరిగ్గా అయిదడుగుల దగ్గర ఆగాయి.

ఒంటిగంటకి ఫోన్ లేదు. పన్నెండు, అయిదు. రెండింటికీ లేదు. మూడింటికీ లేదు. నీళ్లని ఆపగలదు కానీ, అంకె వేసేలోపే వాడు పోయి ఉంటే? పోయినవాడికి కాపలాగా అంకెలు వేస్తున్నానా అని కుళ్లికుళ్లి ఏడ్చింది. ఏడుస్తూనే రాసింది.

నాలుగింటికి ఫోన్ మోగింది.

"ఏడో నంబరు. పన్నెండడుగులు." బొంగురు గొంతు. "తెగిన ఫోన్ తీగ ఇప్పుడే అతికించాను. అక్కా, పొద్దున్నుంచీ పెరగదు, తగ్గదు. నా కొలబద్ద పాడైందేమో చూడమని చెప్పు."

"పాడవలేదురా."

"అక్కడెలా ఉంది?"

ఆవిడ నీళ్లలో వేలాడుతున్న చీరచెంగు పైకి లాక్కుని పిండింది.

"పొడిగానే ఉంది," అంది. "అయిదింటికి మళ్లీ చెయ్యి."