ట్రయల్ రూం ముందు నత్త

నాంపల్లి సదాశివ మాస్టారికి ఒక్కటే కోరిక. చచ్చేలోగా ఒక్క శిలాజమైనా చేత్తో పట్టుకోవాలి. అంటే, కోట్ల ఏళ్ల కిందట బతికిన నత్తో చేపో రాయిలో వదిలిపోయిన అచ్చు. కోరిక బాగానే ఉంది. కానీ ఆ మహానుభావుడు పుట్టింది, సైన్సు పాఠాలు చెప్పింది, రిటైరైంది హైదరాబాదులో. ఇక్కడ ఎక్కడ తవ్వినా గ్రానైటే. ఒకప్పుడు కుతకుత ఉడికి చల్లారిన రాయిలో నత్త కాదు కదా, నత్త మీసం కూడా మిగలదు. ఆ సంగతి ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసి చెప్పిందీ ఆయనే, ఆదివారం రాగానే సుత్తి పట్టుకుని గుట్టలెక్కిందీ ఆయనే. ఏం చెప్పాలి ఆయనకు!

తెచ్చిన రాళ్లలో ఒకదాన్ని భార్య ప్రభావతి ఊరగాయ జాడీ మీద బరువుకు పెట్టుకుంది. మరొకటి తలుపుకు అడ్డం. తక్కినవన్నీ మంచం కింద ఉన్నాయి.

అలాంటి మనిషి ఒకనాడు మనవరాలి గౌను కోసం ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్లి, కిందపడ్డ కళ్లజోడు కోసం వంగాడు. వంగినవాడు లేవలేదు. నేలంతా రాజస్థాన్ నుంచి లారీల్లో వచ్చే పసుపురాయి. అందులో ఒక పలకలో అరచెయ్యంత గోధుమ రంగు చుట్ట, పొట్టేలు కొమ్ములా మెలితిరిగి ఉంది. పదహారు కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు ప్రాణి! మాస్టారు జేబులోంచి భూతద్దం తీశాడు. కాకపోతే ఆ పలక సరిగ్గా ఆడవాళ్ల ట్రయల్ రూం గుమ్మం ముందుంది.

"ఏయ్ తాతా, ఏందిది? గీడ ఆడోళ్లు బట్టలు మార్చుకుంటరు!" అని అక్కడ కాపలా ఉండే పూలమ్మ కేకేసింది.

"నత్తను సూస్తున్ననమ్మా."

"ఔ, అందరు గట్లనే అంటరు. లే ముందు!"

ఆడమనిషి తోడుంటే ఈ తిప్పలుండవని మాస్టారికి వెలిగింది. మరుసటి ఆదివారం ప్రభావతితో, "పద, చీరలు సూసొద్దాం," అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ నోట రాని మాట! జ్వరమేమోనని ఆమె ఆయన నుదురు పట్టి చూసింది. రెండో వారం కూడా తీసుకెళ్తే మురిసిపోయి, ఎదురింటి నర్మదకు పనిగట్టుకుని చెప్పుకుంది. మూడో వారం చీర భుజాన వేసుకుని, "ఎట్లున్నదండీ?" అని తిరిగి చూస్తే, మొగుడు నేల మీద బోర్లా పడి భూతద్దంలో కన్ను పెట్టి ఉన్నాడు.

ఇల్లు చేరి చెప్పులు విడుస్తూనే ఆమె, "రాయి కోసమా నన్ను తీస్కపోయింది?" అని అడిగింది.

"ఔ," అన్నాడు మాస్టారు. ఆయనకు అబద్ధం ఆడడం చేతకాదు. ప్రభావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్మదకు గొప్పగా చెప్పుకున్నది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ శనివారం దుకాణం ముందు బోర్డు వేలాడింది. సోమవారం నుంచి పాత నేల పగలగొట్టి టైల్స్ వేస్తారట. మాస్టారు పరుగున పోయి యజమాని జితేందర్ చేతులు పట్టుకున్నాడు. "ఇంత గొప్ప రాయి నేను జిందగీల చూడలే. నాకియ్యండి," అని బతిమాలాడు.

గిరాకీ కళ్లు చూసి ధర చెప్పే మనిషి జితేందర్. "గంత గొప్పదైతే నేనెందుకిస్త సార్? అద్దం బిగించి కౌంటర్ల పెట్టుకుంట," అన్నాడు. మాస్టారు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ప్రభావతి కోపం చల్లారలేదు గానీ, ఆ వేలాడే ముఖాన్ని చూడలేకపోయింది. జరిగింది అడిగి తెలుసుకుని నెత్తి కొట్టుకుంది.

"కావాల్సినదాన్ని సేటు ముంగట ఎవరన్న మెచ్చుకుంటరా? సుల్తాన్ బజార్ల నలభై ఏండ్ల సంది బేరాలు చేస్తున్న. నచ్చిన చీర దిక్కు ఒక్కసారన్న సూశిన్నా? రేపు నాతోని రాండ్రి. గోడ మీది గడియారం సూసుకుంట కూసోండ్రి. నోరు తెరవొద్దు."

ఆదివారం ఆమె నలభై చీరలు దింపించి, ఒక్కొక్కదానికి ఒక్కో వంక పెట్టింది. చివరకు ఒకటి సంచిలో పెట్టించి, బిల్లయ్యాక, "కొసరేమిస్తవు సేటూ?" అంది.

"జాకెట్టు ముక్క తీస్కోండమ్మా."

"ఇంట్ల కుప్పలున్నయ్." ఆమె నేల వైపు చూసి ముఖం చిట్లించింది. "మా బట్టలుతికే బండ పగిలింది. గా మచ్చబడ్డ రాయి ఎట్లనూ తీస్తున్నరు గదా, గదియ్యి."

"అది శాన గొప్పదని సార్ చెప్పిన్రు గదమ్మా!"

"మా సార్ మాట పట్టుకుంటున్నవా? గిసొంటి గొప్ప రాళ్లు మా మంచం కింద నూటపది ఉన్నయ్. కావాల్నంటే ఆటోల పంపిస్త, అన్ని నువ్వే పెట్టుకో."

జితేందర్‌కు అనుమానం తీరలేదు. "నిజమేనా సార్?" అన్నాడు.

మాస్టారు గడియారం మీంచి చూపు తిప్పలేదు. "నూటపద్నాలుగు," అన్నాడు.

జితేందర్ పగలబడి నవ్వాడు. కొలతలకొచ్చిన మేస్త్రీని పిలిచి పలక ఊడదీయించాడు. "నీ నత్తను తీస్కపోయి పుణ్యం కట్టుకో తాతా," అని పూలమ్మ దండం పెట్టింది.

ఆటోలో మాస్టారు రాయిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర సిగ్నల్ పడి ఆటో ఆగినప్పుడు ప్రభావతి తన ఒళ్లోని సంచి మూతి గట్టిగా పట్టుకుని, "నేను కొన్న చీర ఏం రంగు?" అని అడిగింది.

నత్త మీద గీతలెన్నో అడిగితే నిద్రలో కూడా చెప్పగలడు. చీర రంగు? మాస్టారు రాయిని ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాడు. "గడియారం సూడమన్నవ్ గదా!"

"అది ఇయ్యాల. మరి పోయిన మూడు వారాలు?"

మాస్టారు తల వంచుకున్నాడు. "తప్పయింది ప్రభా."

ఆమె సంచి విప్పింది. అచ్చం ఆ రాయి రంగే. అదే పసుపు, అదే గోధుమ రంగు అంచు.

"గీ రంగైతే నా దిక్కు సూస్తరని కొన్న," అంది.

మాస్టారు అలవాటుగా జేబులోని భూతద్దం తీయబోయి, మానేశాడు. కళ్లజోడు సర్దుకుని ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"చెవుల కాడ వెంట్రుకలు ఎప్పుడు తెల్లబడ్డయ్ ప్రభా?"

"పన్నెండేండ్లాయె," అంది ప్రభావతి.