మినుములు తొక్కని కారు

నా కారు నడపడానికి కాళ్లతో పనిలేదు. రెండేళ్ల వయసులోనే పోలియో వచ్చి నా కాళ్ల సంగతి తేల్చేసింది కాబట్టి, బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ ఒకే ఇనప లెవరుకి కలిపి, నా ఎడమ చేతికి అందేట్టు బిగించాడు తెనాలి మెకానిక్ వెంకటరత్నం బాబాయి. ఇప్పుడు న్యూజిలాండులో టీచరు ఉద్యోగానికి పోతూ ఆ కారునీ తీసుకుపోతానంటే, రేపల్లెలో చుట్టాలందరిదీ ఒకటే పాట.

"అక్కడ ఇంకోటి కొనుక్కోవచ్చుగా రాహేలూ!"

చెప్పులనుకున్నారా? ఎవరి భుజమూ పట్టుకోనివ్వకుండా ఇన్నేళ్లు నన్ను తిప్పిన బండి అది. అది లేకుండా ఆ దేశంలో దిగాలంటే నాకు భయం, అంతే.

ఆ దేశానికి మట్టన్నా గింజలన్నా పడదట. ఓడ కంపెనీ తనిఖీ అధికారి తెనాలిలో బాబాయి షెడ్డుకొచ్చి చూస్తాడు. ఒక్క విత్తనం దొరికినా కారు ఈ ఓడ ఎక్కదు, తర్వాతి ఓడ ఎప్పుడో ఎవరికీ తెలీదు. అందుకని కారుని కడిగించీ కడిగించీ పెట్టాను. మా ఇంట్లో పళ్లేలు కూడా అంత శుభ్రంగా ఉండవు.

తీరా ఒక్కదాన్నే బయల్దేరి ఊరు దాటానో లేదో, రోడ్డు నిండా మినుప కట్టె. మా వైపు రైతులకు నూర్పిడి ఖర్చు లేదు. రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బస్సులూ లారీలే తొక్కి గింజ రాలుస్తాయి. లెవరు నొక్కి ఆపాను. చెట్టు నీడన కూర్చున్న రైతు లేచొచ్చాడు.

"ఏంటమ్మా ఆగావు? తొక్కించుకుంటా పో!"

"ఒక్క గింజ అంటుకున్నా నా కారు ఓడ ఎక్కదు అన్నయ్యా. కాస్త పక్కకి లాగవా?"

"మినుములు తొక్కితే మైలపడుద్దా నీ కారు?"

గొణుక్కుంటూనే కట్టె పక్కకి లాగి దారి చేశాడు. "తిరిగొచ్చేటప్పుడైనా తొక్కాల మరి!" అని వెనకనుంచి అరిచాడు.

షెడ్డు బయటే వెంకటరత్నం బాబాయి ఎదురొచ్చాడు. "నువ్వు దిగి మంచినీళ్లు తాగమ్మా, బండి నేను లోపల పెడతా" అన్నాడు. చంక కర్రలు తీసుకుని దిగాను.

తనిఖీకొచ్చిన మోహనకృష్ణ గారు కుర్రవాడే గానీ మహా చాదస్తుడు. లెవరుని కాగితాల్లోని ఫొటోతో పోల్చుకున్నాడు.

"కాలి బ్రేకు కూడా పనిచేస్తుందా అండి? ఒకసారి తొక్కండి."

"నేను తొక్కగలిగితే ఆ లెవరు ఎందుకండీ? మీరే తొక్కండి, పుణ్యముంటుంది."

ఎర్రబడ్డ మొహంతో తొక్కాడు. పనిచేసింది. తర్వాత టార్చి పట్టుకుని చక్రం దగ్గర వంగాడు, చాలాసేపటికి గానీ లేవలేదు.

"ఇదేంటండీ?"

టైరు గాడిలో నిమ్మగింజ. పక్కన నలిగిన తొక్క. నేను బాబాయి వైపు తిరిగాను.

"సముద్రం దాటే బండి కదమ్మా" అని నసిగాడు. "చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించా. దిష్టి తగలకుండా."

"మేం చర్చికి పోయే లూథరన్లం బాబాయ్!"

"నువ్వు లూథరన్‌వే తల్లీ. బండి నా చేతుల్లో పెరిగింది గదా!"

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత రోడ్డు మీద మినుములు తప్పించి తెచ్చి, నిమ్మకాయ దగ్గర బోల్తాపడ్డాను. మోహనకృష్ణ గారు పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నేను భోంచేసి వస్తానండి. అప్పటికి ఒక్క గింజ కూడా ఉండకూడదు."

చంక కర్రలు పక్కన పడేసి, గోనెపట్టా పరుచుకుని కారు కిందకి పాకాను. పాకడం నాకేం కొత్త కాదు, చిన్నప్పుడు బడికి కూడా అలాగే పోయేదాన్ని. జడపిన్నుతో గాడి గాడీ గీకాను. అవతలి చక్రం దగ్గర బాబాయి ముక్కు చీదుకుంటూ గీకాడు.

మోహనకృష్ణ గారొచ్చి మళ్లీ అంతా వెతికాడు. చివరికి తలుపుకి సీలు వేశాడు. "అయిపోయిందండి. ఇక ఈ బండిని ఎవరూ తియ్యకూడదు."

బాబాయిని పట్టుకుని ఏడ్చేశాను. ఆయన కళ్లు తుడుచుకుని అడిగాడు.

"మరి నువ్వు ఇంటికెట్లా పోతావమ్మా?"

అది నాకు తట్టనే లేదు. కారు పోవడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకున్నాను గానీ, నా సంగతి మరిచిపోయాను.

బాబాయి స్కూటరు తీశాడు. కర్రలు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను. రేపల్లె దగ్గరపడేసరికి మళ్లీ రోడ్డు నిండా మినుప కట్టె. బాబాయి వేగం తగ్గించాడు.

"పక్కనుంచి పోదామా? జారతామేమో."

"జారితే జారతాం. తొక్కించు బాబాయ్!"

చక్రాల కింద కాయలు చిటపటమని పగిలాయి. చెట్టు కింద రైతు లేచి నిలబడ్డాడు.

"నీ కారేదమ్మా?"

"ఓడెక్కుద్ది అన్నయ్యా!" అని గొంతు చించుకుని అరిచాను.