బాణం ఆడాల్సిందే

డిపో వర్క్‌షాపులో మధ్యాహ్నం ఒంటిగంట బెల్లు కొట్టగానే పనిముట్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి, ఫుట్‌బాల్ మొదలయ్యేది. ఆడటం కాదు, మాట్లాడటం. జాకీల మీద లేపి నిలబెట్టిన బస్సు పక్కన, పాత టైర్లు పేర్చిన మూలలో అందరూ క్యారేజీలు విప్పుకునేవారు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్లకముందే ఎవరో ఒకరు అందుకునేవారు.

ఆ వారం మాటలన్నీ బాణం చుట్టూనే తిరిగాయి. బాణం అంటే ఊరి జట్టులో ముందు వరసలో ఆడే కుర్రాడు. మూడేళ్ల కిందట జట్టు కింది డివిజన్‌లోకి జారిపోవాల్సిన రోజున చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి నిలబెట్టాడు. అప్పుడు అభిమానులు పెట్టిన పేరే బాణం. అలాంటి వాడికి ఇప్పుడు వరసగా పదకొండు మ్యాచ్‌ల నుంచి ఒక్క గోల్ లేదు.

"తొమ్మిది వందల డెబ్భై నిమిషాలు ఆడాడు," అన్నాడు స్టోర్ గుమస్తా. విడిభాగాలకు రాసినట్టే జట్టు ఆటకి కూడా ఆయన ఒక పుస్తకం రాసేవాడు. "గోల్ వైపు కొట్టినవి ఏడు. అందులో నాలుగు ఆకాశంలోకి. వాణ్ణి ఇంకా ఎందుకు ఆడిస్తున్నారో ఆ కోచ్‌కే తెలియాలి."

"ముందు తిను బాబూ. నీ నోట్లో ముద్ద ఉన్నంతసేపే మన జట్టు బాగుంటుంది," అన్నాడు వెల్డర్. పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. ముఖానికి అడ్డం పెట్టుకునే వెల్డింగ్ మాస్కు లోపలి వైపు బాణం ఫొటో అంటించుకున్నాడు. "ఫామ్ అన్నాక పోతుంది, వస్తుంది. జ్వరం లాంటిది."

"పదకొండు వారాలు ఉండేదాన్ని జ్వరం అనరు. వాడికి మ్యాచ్ అంటే లెక్క లేకుండా పోయింది. పేరొచ్చింది కదా, ఒళ్లు బరువెక్కింది."

"ఒరేయ్, వాళ్లన్నయ్య ఎదురుగా ఏంట్రా ఆ మాటలు!" కసురుకున్నాడు వెల్డర్.

అందరూ టైర్ల మేస్త్రి వైపు చూశారు. ఆయన బాణానికి సొంత అన్న. పదహారేళ్ల తేడా. తల్లీతండ్రీ ఏడాది తేడాలో పోతే, తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి తన దగ్గరే పెంచాడు. ఇంట్లో వాడి పేరు చిన్నోడు. ఇరవై అయిదేళ్లొచ్చినా చిన్నోడే.

"నువ్వు చెప్పు మేస్త్రీ. ఇంట్లో ఎలా ఉన్నాడు? సరిగ్గా తింటున్నాడా?" అడిగాడు వెల్డర్.

"బాగానే ఉన్నాడు," అన్నాడు మేస్త్రి, క్యారేజీలోంచి తలెత్తకుండా.

బాగా లేడు. మేడ మీద గదిలో వాడు నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలియదు. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకునేవాడు. కింద వంటింట్లో ఉన్న వదినకి అయినా వినపడేది. బయటికొచ్చాక "ఏం లేదు వదినా, పడిశం" అనేవాడు. భోజనం ముందు కూర్చుని గిన్నెలు సర్ది, మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయేవాడు. ఒకసారి బజార్లో ఎవరో పెద్దాయన వాడి భుజం తట్టి "ఈ ఆదివారం కొట్టేయాలి నాయనా, నా గుండె ఆగేలా ఉంది" అన్నాడట, నవ్వుతూనే. అప్పటినుంచి బజారుకి వెళ్లడం మానేశాడు.

ఆ మంగళవారం సాయంత్రం మేస్త్రి పనినుంచి వచ్చేసరికి తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం తేటగా ఉంది. చాన్నాళ్లకి అలా కనిపించాడు.

"అన్నయ్యా, ఒక మాట చెప్తాను. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"చెప్పరా."

"ఆదివారం నన్ను ఆడించట్లేదు. కోచ్ ఇవాళ పిలిచి చెప్పాడు. ఒక నెల ఆగు, మెల్లగా చూద్దాం అన్నాడు."

మేస్త్రి వాడి పక్కన కూర్చున్నాడు. "బాధగా ఉందా?"

"లేదన్నయ్యా. అదే సిగ్గుగా ఉంది. ఆయన ఆ మాట అనగానే నా గుండెల మీంచి ఎవరో కాలు తీసినట్టయింది. మైదానం గేటు దాటి వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చాను, సంతోషంతో." మోకాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. "బంతి నా వైపు వస్తుంటే భయమేస్తోంది. ఎవడికైనా ఇచ్చేయాలనిపిస్తోంది. గోల్ ఎదురుగా ఉన్నా సరే. అసలు నేను ఆటగాణ్ణేనా అన్నయ్యా?"

"నువ్వు మనిషివిరా ముందు. తిని పడుకో."

ఆ రాత్రి చిన్నోడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వదిన కళ్లు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. మర్నాడు తెల్లారి తొమ్మిదైనా వాడు లేవలేదు. మేస్త్రి తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగి పనికి వెళ్లాడు.

గురువారం ఆ కబురు వర్క్‌షాపుకి చేరింది. ఎవరి ద్వారా చేరిందో తెలియదు. బెల్లు కొట్టకముందే వెల్డర్ మాస్కు తీసి బల్ల మీద కొట్టాడు.

"బాణాన్ని తీసేస్తున్నారంట! ఆ రోజు మనల్ని ఒడ్డున పడేసినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారా? మనం చేతులు ముడుచుకుని చూస్తుంటామా?"

"తీసేయడమే మంచిది," అన్నాడు గుమస్తా. "పది రోజులు బయట కూర్చుంటే ఒళ్లు దిగుతుంది, బుద్ధొస్తుంది."

"నువ్వు నోర్ముయ్!"

మేస్త్రి ఆ మూలలో చక్రం విప్పుతున్నవాడల్లా లేచాడు. చిత్రమైన ఇరకాటం అది. తమ్ముడికి కావలసినదే అంటున్నవాడు వాణ్ణి తిడుతున్న గుమస్తా. తమ్ముడి కొంప ముంచబోతున్నవాడు వాణ్ణి ప్రాణంగా చూసుకుంటున్న వెల్డర్.

"గుమస్తాగారు చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు మేస్త్రి. "ఒక్కసారి కూర్చోనివ్వండి వాణ్ణి. అలసిపోయాడు."

 వెల్డర్ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీకు మొహమాటం ఎక్కువ మేస్త్రీ. సొంత తమ్ముడు కాబట్టి అడగడానికి నోరు రావట్లేదు. నువ్వు అడగక్కర్లేదు, మేమున్నాం."

"మొహమాటం కాదయ్యా. నిజంగా వద్దు. వాడికి బాలేదు."

"బాగుంటాడు! మేమందరం వెనకున్నామని తెలిస్తే వాడే బాగుపడతాడు. ఇన్ని వేలమంది తిడుతుంటే ఎవడికి మాత్రం కాళ్లాడతాయి? ఒక్కసారి వాడికి మన ప్రేమ కనపడాలి."

ఇంకా చెప్పాలంటే మాట తప్పాలి. మెట్ల మీద తమ్ముడి ముఖం గుర్తొచ్చి మేస్త్రి మాట మింగేశాడు. తర్వాత చాలా రోజులు ఆ ఒక్క నిమిషం గురించే ఆలోచించాడు. అప్పుడు అన్నీ చెప్పేసి ఉంటే ఆగేవాళ్లా? ఆగేవాళ్లు కాదేమో. అయ్యో పాపం అని ఇంకా పెద్ద గుంపుగా వెళ్లేవాళ్లేమో.

శుక్రవారం మధ్యాహ్నం ప్రాక్టీసు మైదానం గేటు ముందు మూడు వందలమంది చేరారు. డిపోవాళ్లే కాదు, మిల్లువాళ్లు, కూరగాయల బండ్లవాళ్లు, బడి మాస్టార్లు కూడా వచ్చారు. పాత దుప్పటి మీద ఎర్ర రంగుతో "బాణం ఆడాల్సిందే" అని రాసి పట్టుకున్నారు. మేస్త్రి కూడా వెళ్లాడు, ఎవరినైనా ఆపగలనేమోనని. ఆ అరుపుల్లో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

గంట గడిచాక క్లబ్ కార్యదర్శి బయటికొచ్చి చేతులెత్తాడు. "మీ మాటే మా మాట. ఆదివారం బాణం ఆడతాడు!"

వెనకాలే చిన్నోణ్ణి తీసుకొచ్చారు. వాడు చేతులు జోడించి నవ్వాడు. ఆ నవ్వు మేస్త్రికి తెలుసు. చిన్నప్పుడు సూది వేయించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఎదుట నవ్విన నవ్వు అది. వెల్డర్ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. అంతమంది తలల మీదుగా వాడి కళ్లు దేనికోసమో వెతికి అన్నయ్య దగ్గర ఆగాయి. మేస్త్రి చెయ్యి ఎత్తాడు. అంతకంటే ఏం చేయగలడు?

గుంపు పలచబడ్డాక ఆయన కోచ్ గదికి వెళ్లాడు. కోచ్ నెరిసిన గడ్డం మనిషి, బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుని ఉన్నాడు.

"అయ్యా, మీకు తెలుసు కదా వాడి పరిస్థితి."

"తెలుసు కాబట్టే తీసేశాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు పేర్ల జాబితా వెళ్లిపోయింది. కార్యదర్శి నా ఎదుటే సంతకం పెట్టాడు. నేను కాదంటే ఆదివారం ఆ బెంచీ మీద నేనూ ఉండను. నా చోట ఇంకొకడొస్తాడు, వాడూ ఆడిస్తాడు." కోచ్ గొంతు తగ్గించాడు. "పిల్లాణ్ణే రానని చెప్పమనండి. జ్వరమని చెప్పినా చాలు, నేను చూసుకుంటాను."

ఆదివారం పొద్దున బాత్రూమ్‌లో కుళాయి చప్పుడు చాలాసేపు వినపడింది. బయటికొచ్చిన మరిదికి వదిన అడ్డం నిలబడింది.

"జ్వరమని కబురు పంపిద్దాంరా చిన్నోడా. నా మాట విను. మీ అన్నయ్యని ఇప్పుడే పంపిస్తాను."

"వాళ్లు నన్ను మోశారు వదినా," అన్నాడు వాడు. "ఆ వెల్డర్ అన్నకి నడుం నొప్పి. అయినా మోశాడు. ఇప్పుడు రానని ఎలా చెప్పను?"

ఆమె పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది.

స్టేడియం కిక్కిరిసిపోయింది. మేస్త్రి డిపోవాళ్ల మధ్య కూర్చున్నాడు. మొదటి సగమంతా బాణం కాలికి బంతి తగిలినప్పుడల్లా చప్పట్లు కొట్టారు, వట్టి పాస్ ఇచ్చినా సరే. ఆ చప్పట్లకి వాడి భుజాలు ఇంకా కిందికి వంగడం మేస్త్రికి కనిపిస్తూనే ఉంది.

రెండో సగంలో, స్కోరు ఏమీ లేకుండా ఉండగా, అవతలి గోల్‌కీపర్ కాలు జారి పడిపోయాడు. బంతి దొర్లుకుంటూ బాణం కాళ్ల దగ్గరికి వచ్చింది. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది. ఎనిమిది అడుగుల దూరం. ఇరవై వేలమంది లేచి నిలబడ్డారు. బాణం బంతిని చూశాడు, తల తిప్పి వెనక్కి చూశాడు, వెనక వస్తున్న తన జట్టువాడికి దాన్ని ఇచ్చేశాడు. ఆ పిల్లాడు ఊహించలేదు. మధ్యలో అవతలివాడు అందుకుని పొడుగ్గా కొట్టాడు. అరనిమిషంలో ఈ వైపు గోల్ పడింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదలైంది. మేస్త్రి పక్కనే వెల్డర్ కుర్చీ మీదికెక్కి, మెడ నరాలు ఉబ్బేలా తిట్టాడు. తల్లిని తిట్టాడు. ఆ తల్లి పక్కనున్న మేస్త్రికీ తల్లేనని గుర్తు లేదు. అటు పక్క గుమస్తా మాత్రం పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, "పాపం, పిల్లాడు భయపడిపోయాడు," అన్నాడు చిన్నగా.

మైదానంలో చిన్నోడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, అలాగే కూలబడ్డాడు. లేవలేదు. మేస్త్రి మెట్లన్నీ దూకుతూ కిందికి పరిగెత్తాడు. కంచె దగ్గర కాపలావాడు రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"పాస్ ఉందా?"

"నేను వాడి అన్నయ్యని. వదులు బాబూ, నీకు దణ్ణం పెడతాను."

"ఇక్కడున్నవాళ్లందరూ వాడి అన్నయ్యలే. పైకెళ్లి కూర్చోండి."

ఇనప జాలీలోకి వేళ్లు దూర్చి పట్టుకుని నిలబడ్డాడు మేస్త్రి. ఇద్దరు మనుషులు చిన్నోణ్ణి లేపి, చంకల్లో చేతులు వేసి నడిపించుకుపోయారు. వాడు ఇరవై గజాల దూరంలో వెళుతున్నా తల తిప్పలేదు. "చిన్నోడా!" అని పిలిచాడు. ఆ గోలలో అది ఎవరి చెవినా పడలేదు.

డాక్టరు మూడు నెలలు విశ్రాంతి అన్నాడు. తర్వాత ఆరు అన్నాడు. క్లబ్ నుంచి మర్యాదగా రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది, త్వరగా కోలుకోవాలని కోరుతూ. వర్క్‌షాపులో పదిహేను రోజులపాటు మేస్త్రి ఎదుట ఎవరూ ఫుట్‌బాల్ ఎత్తలేదు. ఆ తర్వాత కొత్త స్ట్రైకర్ వచ్చాడు, పంతొమ్మిదేళ్లవాడు. మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. సోమవారం బెల్లు కొట్టగానే వాడికి ఏం పేరు పెట్టాలా అని వాదన మొదలైంది. మేస్త్రి ఏదో అనబోయాడు. "వాణ్ణి కాస్త..." అని ఆగిపోయాడు.  ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు వెల్డర్ ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. "ఒక్కసారి వాణ్ణి చూసి పోతాను మేస్త్రీ. నాకు ముద్ద దిగట్లేదు."

మేస్త్రి వద్దని చెప్పేలోగా చిన్నోడే మెట్లు దిగి వచ్చాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. వెల్డర్ వాణ్ణి చూసి భోరుమన్నాడు. "ప్రేమతోనే చేశానురా. నీ మీద ఒట్టు, ప్రేమతోనే."

"నాకు తెలుసన్నా," అన్నాడు చిన్నోడు. ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "నావల్ల మీ అందరి ఆదివారం పాడైంది. ఏమనుకోకండి. మీ నడుం ఎలా ఉంది?"

వెల్డర్ తేలికపడి వెళ్లిపోయాడు. వీధి చివర్న ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు. చిన్నోడు నవ్వి చెయ్యి ఊపి, తలుపు వేసి, గబగబా మేడెక్కాడు. పైన కుళాయి తిప్పిన చప్పుడైంది.

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి భర్త వైపు చూసింది. "ఏం చేద్దామండీ?"

 ఆయన మేడెక్కి, మూసిన బాత్రూమ్ తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. కుళాయి ఆగింది. తలుపు తెరుచుకోలేదు.  లోపల వాడు ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ అలాగే కూర్చున్నాడు.