ఎడమ అంచున దుమ్ము

తెల్లవారకముందే దుమ్ము దిగుతుంది.

చప్పుడు ఉండదు. పైన ఎవరో జల్లెడ పట్టుకుని ఓపిగ్గా... ఓపిగ్గా పిండి జల్లిస్తున్నట్టు.

వీధిలో అన్నిటి మీదా దిగుతుంది. గోడల మీద. తీగ మీద మరిచిపోయిన చొక్కా మీద. ముడుచుకుని పడుకున్న కుక్క వీపు మీద. అన్నీ దాన్ని తమలో కలిపేసుకుంటాయి.

కారు ఒక్కటే కలుపుకోదు.

నల్ల కారు.

దానికి షెడ్డు లేదు. అద్దెకున్న రెండు గదుల ముందు, వీధిలోనే, గోడవారగా దాని చోటు. ఎండకు ఎండుతుంది. వానకు తడుస్తుంది. పక్కింటి చెట్టు జిగురుకూ, కాకి రెట్టకూ ఒళ్లు అప్పగించి నిలబడుతుంది. తెల్ల కారైతే దుమ్మును మింగి ఊరుకుంటుంది. నల్లది మింగదు. కక్కేస్తుంది.

"నల్లది కొన్నావేంటి బావా," అన్నాడు ఎదురు షాపు టైలరు, కారు వచ్చిన మొదటి రోజే. "దీన్ని తుడవడానికి ఇంకో జన్మెత్తాలి నువ్వు."

"పోరా. మా ఇంట్లో అందరిదీ ఒకటే రంగు. తెల్లగా ఉండేవి నా పళ్లే, అవి కూడా నవ్వితేనే," అన్నాడు డ్రైవరు.

నవ్వాడు కూడా.

పదకొండేళ్ల కిందటి మాట.

డ్రైవరుకు పద్ధతులున్నాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటగది కిటికీలోంచి చూసి చూసి భార్య నేర్చుకుంది.

ముందు నీళ్లు. తర్వాతే గుడ్డ.

పొడి గుడ్డ నలుపు మీద పెట్టకూడదు. దుమ్మంటే సన్న ఇసుకే. ఇసుకతో రుద్దితే గీతలు పడతాయి. నీడలో కనపడవు... ఎండ పడగానే సాలెగూడులా పైకి లేస్తాయి.

రెండు బకెట్లు కావాలి. ఒకటి గుడ్డ కడుక్కోవడానికి. ఒకటి గుడ్డ ముంచుకోవడానికి. ఈ నీళ్లలోకి ఆ నీళ్లు రాకూడదు.

ఎండెక్కాక కడగకూడదు. చుక్క ఆరిన చోటల్లా తెల్లటి మచ్చ మిగులుతుంది.

రెట్టను గోకకూడదు. తడిగుడ్డ కప్పాలి. నాననివ్వాలి. పుండు మీది కట్టు విప్పినట్టు మెల్లగా ఎత్తాలి.

పశువును కడిగినట్టే కడిగేవాడు. మాట ఉండేది కాదు. గుడ్డ చప్పుడును బట్టి ఆయన ఏ తలుపు దగ్గరున్నాడో ఆమె పొయ్యి దగ్గర నుంచే చెప్పగలిగేది. గుడ్డ పిండిన నీళ్లు మురికి కాలవలో పడ్డాయంటే టీ పెట్టాలి. పదకొండేళ్లు ఆ లెక్క తప్పలేదు.

ఒక పొద్దున ఆయన స్నానానికి వెళ్లాడు. ఆమె ఖాళీ బకెట్లు తేవడానికి వీధిలోకి వచ్చింది.

ముందు తలుపు అంచున దుమ్ముంది.

నాలుగు వేళ్ల వెడల్పు. పైనుంచి కిందదాకా. మిగతా తలుపంతా చెరువులా నిగనిగలాడుతోంది.

మరిచిపోయాడనుకుంది. నీళ్లు చల్లి, ఆయన పద్ధతిలోనే తుడిచేసింది.

మర్నాడూ ఉంది.

వెనక తలుపు మీదా ఉంది. వెనక అద్దం మీదా. డిక్కీ మీదా. ఎక్కడ చూసినా నాలుగు వేళ్లు. ఎక్కడ చూసినా ఒకే అంచు.

నేల మీద ఆయన చెప్పుల తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలో తన పాదాలు పెట్టి నిలబడింది. కారు వైపు చూసింది. నాలుగడుగులు వేసి, ఇంకో తడి జత వెతుక్కుని, మళ్లీ నిలబడింది. మళ్లీ చూసింది.

కారుకు ఏ పక్కన నిలబడనీ, ఆయన చేతికి ఎడమ వైపే మిగిలిపోతోంది.

పొలం దున్నినవాడు ప్రతి మడిలోనూ ఒకే గట్టు పక్కన సాలు వదిలేస్తే బద్ధకం అనరు.

ఆ గట్టు వాడికి కనపడటం లేదంటారు.

ఆ తర్వాత ఆమెకు అన్నీ కనపడ్డాయి. కంచంలో ఎడమ పక్క కూర ముట్టకుండా ఉండిపోయేది. ఆమె కంచం తిప్పేది. "ఇంకా ఉందే!" అని తినేవాడు. టీ గ్లాసు ఎడమ పక్కన పెడితే, "టీ ఏదే?" అని అరిచేవాడు. ఎడమ భుజం మీద కమిలిన మచ్చ ఉండేది. అది మానకముందే దాని పక్కన ఇంకోటి. గుమ్మం ఇరుకైపోయిందనేవాడు.

"కంటికేమన్నా అయిందా?" ఒకసారి అడిగింది. మెల్లగా, వేరే పని చేసుకుంటూ.

"నా కంటికా? నీ తల్లో తెల్ల వెంట్రుకలు ఇక్కడ నుంచి లెక్కపెట్టమంటావా?"

లెక్కపెట్టాడు కూడా. పద్నాలుగన్నాడు. ఆయన కుడి చేతి వైపుకు వచ్చినవి పద్నాలుగే.

ఆమె కొంగు తలకు కప్పుకుంది.

చూపు పోయిందంటే స్టీరింగు పోయినట్టే. స్టీరింగు తీసేస్తే ఆ మనిషిలో ఏం మిగులుతుంది? ఇంకో పని రాదు. ఇంకో మాట రాదు. నలుగురిలో కూర్చున్నా బండి గురించే మాట్లాడేవాడు. చెప్పాల్సిన మాట ఆమె నాలుక చివరదాకా వచ్చింది. అక్కడే గూడు కట్టుకుంది.

రోజూ ఆయన స్నానానికి వెళ్లేవాడు. రోజూ ఆమె వీధిలోకి వచ్చేది. ఆయన వదిలినది తుడిచేది. దొంగ సొమ్ము దాస్తున్నదానిలా, అటూ ఇటూ చూసుకుంటూ.

నాలుగు వేళ్లు జానెడైంది.

వానలొచ్చాయి, పోయాయి. జానెడు మూరైంది.

"అబ్బ, కారంటే ఆయనదే," అనేది వీధి.

వారానికి మూడు రోజులు కిరాయికి టీచరమ్మ ఎక్కేది. రిటైరైన మనిషి. ఒంటరి. ఆసుపత్రిలో మిషన్ పక్కన పడుకుని రక్తం కడిగించుకుని వచ్చేది. వచ్చేటప్పుడు చేతికి కట్టు. ముఖంలో చుక్క నెత్తురు ఉండేది కాదు. వెనక సీట్లో ఎడమ పక్కన ఒరిగి కళ్లు మూసుకునేది.

"నీ బండెక్కితేనే నాకు నిద్ర, బాబూ. ఇంట్లో కూడా రాదు," అనేది.

ఆ మాట విన్న ప్రతిసారీ భార్య లోపలికి వెళ్లిపోయేది.

తర్వాత... ఆ పచ్చ గీత.

కారుకు ముందు, ఎడమ మూల. ఆమె దుమ్ము మీద నీళ్లు పోసింది. దుమ్ము జారింది. కింద గీత ఉంది. వేలెడు పొడవు. గీతలో పచ్చరంగు.

కారు నలుపు. పచ్చ ఎక్కడిది?

మెడలో టేపుతో టైలరు వీధి దాటి వచ్చాడు.

"అక్కా, విన్నావా? పాలాయన కాలు విరిగిందట. నిన్న సాయంత్రం మన వీధి మలుపులో ఏదో కారు సైకిల్ని రాసుకుని పోయింది. ఆగను కూడా ఆగలేదట, వెధవ."

"ఏ కారట?"

"కాలవలో పడ్డవాడికి ఆకాశం కనపడుతుంది గానీ కారు కనపడుతుందా? అలాంటివాళ్లకి కళ్లెందుకో, గోళీలు పెట్టుకున్నా సరిపోయేది."

పాలాయన సైకిలు పచ్చది. ఏటేటా తనే రంగు వేసుకుంటాడు. వీధిలో అందరికీ తెలుసు.

ఇంట్లో ఆయన తల తుడుచుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆగకుండా పోయే మనిషి కాదు. కుక్కపిల్ల అడ్డొస్తే బండి ఆపి, దిగి, దాన్ని గోడ పక్కన పెట్టి ఎక్కేవాడు. అలాంటి మనిషి ఆగలేదంటే...

తెలియలేదు.

మనిషి పడ్డాడని ఆయనకు తెలియనే లేదు.

గుడ్డకు నూనె రాసి రుద్దింది. పచ్చ వదిలింది. కొంచెం కొంచెంగా గుడ్డలోకి వచ్చింది. కారు నల్లగా మిగిలింది. గుడ్డ పచ్చగా మిగిలింది. దాన్ని పెరట్లో కాల్చేసింది. పొగ కళ్లలోకి వచ్చింది, పక్కకు జరగలేదు.

మర్నాడు పాలు పాలాయన పెళ్లాం తెచ్చింది. నడుచుకుంటూ. రెండు చేతుల్లో రెండు క్యాన్లు.

"ఆయనకెలా ఉంది?" అని అడగాలి. గిన్నె పట్టింది. పాలు పడ్డాయి.

ఆ రోజు నుంచి ఆమె కారు తుడవలేదు.

ఒక రోజు. రెండు రోజులు. మూడు.

కారు ముక్కలు ముక్కలుగా కనపడింది. ఇక్కడ నలుపు, ఇక్కడ బూడిద. ఇక్కడ అద్దం, ఇక్కడ మట్టి. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి పోయారు.

"ఏంటి బావా, కారుకు చారల చొక్కా తొడిగావు?" అన్నాడు టైలరు. "నన్నడిగితే కొలతలు తీసుకుని కుట్టేవాణ్ణిగా."

"నీ కుట్టు సంగతి తెలియదా? అది తొడిగితే బండి తలుపు తెరుచుకోదు," అన్నాడు డ్రైవరు.

నవ్వుతూనే కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయనకు ఏ చారా కనపడలేదు. టైలరు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. టేపు సవరించుకుని షాపులోకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు డ్రైవరు చెప్పులో రాయి పడింది. తీయడానికి ఒంగి, ఎడమ చెయ్యి తలుపుకు ఆనించాడు.

అరచెయ్యి బూడిదరంగుగా వచ్చింది.

చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పాడు. కోడిలా, పూర్తిగా, మెడ నొప్పెట్టేంతగా ఎడమకు తిప్పాడు. చూశాడు. ఇంకో తలుపు దగ్గరికి నడిచి, అక్కడా తిప్పాడు. అక్కడా చూశాడు.

అప్పుడు కిటికీ వైపు చూశాడు.

ఆమె పక్కకు తప్పుకోలేదు.

"ఇన్నాళ్లూ నువ్వు తుడిచావా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"వానల ముందు నుంచి."

బకెట్లో నీళ్లు ఊగి ఊగి ఆగాయి.

"పాలాయన్ని కొట్టింది మన కారే," అంది. "పచ్చరంగు అంటుకుని ఉంది. నేనే తుడిచా."

ఆయన అరచేతి బూడిద చొక్కాకు తుడుచుకున్నాడు.

"తుడిచేశావుగా... ఇంకేం."

ఆ మాటలో సగం ఆమెదే.

"డాక్టరు దగ్గరికి పోదాం," అంది చివరికి.

"పోదాం," అన్నాడు. గుడ్డ బకెట్లో పడేసి, "పోదాంలే," అన్నాడు.

మర్నాడు ఇంకా చీకటి విచ్చకముందే గుడ్డ చప్పుడు వినపడింది. ఎన్నడూ లేనంత నెమ్మదిగా. ఆమె కిటికీలోంచి చూసింది.

ఎడమ చెయ్యి ముందు పోతోంది. గుడ్డ వెనక పోతోంది.

అరచెయ్యి తలుపును తడుముకుంటూ అంచుదాకా వెళుతోంది. అంచు దొరికాక ఆగుతోంది. గుడ్డ అక్కడిదాకా వస్తోంది. మళ్లీ చెయ్యి. మళ్లీ గుడ్డ. చూపు చేయలేని పని చెయ్యి చేస్తోంది.

ఎండ పడేసరికి కారు మొత్తం నల్లగా ఉంది.

"రా," అన్నాడు. "వచ్చి చూడు. నా కంటికి రోగమన్నావుగా. ఎక్కడుందో దుమ్ము, చూపించు."

ఆమె చుట్టూ తిరిగింది. తలుపులు. అద్దాలు. డిక్కీ. ప్రతి ఎడమ అంచూ వెతికింది. కారులో చెట్టుంది. ఆకాశం ఉంది. వంగి వెతుకుతున్న తన ముఖం ఉంది.

దుమ్ము లేదు.

ఇన్నాళ్లూ దుమ్ము ఒక్కటే నిజం చెప్పింది. దాని నోరు కూడా మూసేశాడు.

"కన్ను బాగానే ఉంది," అన్నాడు. భార్యతో అనలేదు. కారుతో అన్నాడు.

టీచరమ్మ వచ్చింది. చేతిసంచీ, నీళ్ల సీసా, మందుల కాగితాలు. నడకలో నీరసం. కారును చూసి ఆగింది.

"ఏం తుడిచాడమ్మాయ్! ఇందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"టీచరమ్మా, ఈ రోజు ఇంకో బండి..." అంది భార్య.

"ఇంకో బండి ఎందుకే?" అన్నాడు ఆయన. బానెట్టు ముందు నిలబడి చివరి గుడ్డ పిండుతున్నాడు. పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "ఎక్కండి టీచరమ్మా. ఆలస్యమైతే మీ మిషన్ మీద ఇంకెవరినో పడుకోబెడతారు."

భార్య వంగింది.

రోడ్డు వారన, చక్రం పక్కన, కావాల్సినంత దుమ్ముంది. పిడికెడు తీసుకుంది. మెత్తగా ఉంది. ఇంకా రాత్రి చల్లదనం ఉంది.

ఆయన ఎడమ పక్కకు వెళ్లి నిలబడింది. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర.

చెయ్యి ఎత్తింది. విత్తనం చల్లినట్టు, నెమ్మదిగా, తడి బానెట్టు మీద చల్లింది.

ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

టీచరమ్మ చెయ్యి తలుపు మీద ఉండిపోయింది. ఆమె బానెట్టును చూసింది. ఆయన కళ్లను చూసింది. ఆ కళ్లు తన మీదే ఉన్నాయి... నిర్మలంగా, స్నేహంగా, ఏమీ జరగనట్టు. తర్వాత భార్య పిడికిలిని చూసింది.

"బాబూ..." అంది.

"చెప్పండి టీచరమ్మా."

టీచరమ్మ తలుపు తెరవలేదు. తలుపు మీద నుంచి చెయ్యి తీయనూ లేదు.

పిడికిట్లో ఇంకా కాస్త మిగిలింది. భార్య వేళ్లు వదులు చేసింది.

దిగుతోంది... చప్పుడు లేకుండా, నలుపు మీదికి, ఆయన ముందే.