గీకిన బెల్టు

నెమ్మదయ్య నన్ను నిలువునా ముంచాడు. ఈ మాట అతని మొహం మీదే అన్నాను, అతని భార్య ముందూ అన్నాను, కాబట్టి ఇక్కడ రాయడానికి జంకేదేమీ లేదు. నెమ్మదయ్య అన్నది అసలు పేరు కాదు. కొంపంటుకున్నా నడిచే వెళతాడని బొగ్గు యార్డులో పెట్టిన పేరు. వరసకు నా తోడల్లుడు. అతని భార్య మా ఆవిడకు అక్క.

మా కరెంటు ఫ్యాక్టరీలో రెండు రకాల బొగ్గు కాలుతుంది. ఒకటి దూరం నుంచి వచ్చే మేలురకం. రెండోది దగ్గర గనిది, చవక, సగానికి సగం బూడిద. ఏడు పాళ్లు మేలుది, మూడు పాళ్లు బూడిదది. రెండూ చెరో బెల్టు మీద వచ్చి మూడో బెల్టు మీద పడి కలుస్తాయి. బూడిదది మూడు పాళ్లు దాటి పోతే బాయిలర్‌లో మంట నీరసించి ఆరిపోతుంది.

ప్రతి బెల్టు కిందా ఒక తూకం ఉంటుంది. అది బెల్టునూ బొగ్గునూ కలిపి తూస్తుంది గనుక, ముందు ఉత్త బెల్టును తిప్పి, ఇంత బరువు బెల్టుది, దీన్ని లెక్కలోంచి తీసెయ్ అని దానికి చెప్పాలి. దాన్ని ఖాళీ తూకం అంటాం. ఆపైన బొగ్గు తక్కువ వస్తోందని తూకానికి తోస్తే తనంతట తానే బెల్టు మీదికి బొగ్గు వదిలే గేటు ఎత్తి ఇంకాస్త వదులుతుంది. ఖాళీ తూకం తీయడం కంట్రోల్ రూములో నెమ్మదయ్య పని. బెల్టుకు పట్టిన బొగ్గు బురదను గీకించడం నా పని. గీకిన తర్వాతే తూకం. అది ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు.

ఆ గీకుడు కాంట్రాక్టు నాకు ఇప్పించింది కూడా అతనే. ఎనిమిదిలో బడి మానేసి అప్పటిదాకా ఒకరి కింద పార పట్టిన వాణ్ణి. హామీగా మా స్థలం కాగితాలు పెట్టమన్నారు ఫ్యాక్టరీవాళ్లు. కారణం లేకుండా బెల్టు ఆపినా, నా మనుషుల వల్ల కలపడం చెడి మంట ఆరినా, ఆ స్థలం వాళ్లదవుతుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"లోపల ఉన్నది మీ అక్క మొగుడే కదా, భయమెందుకు?" అన్నాను.

"అందుకే భయం" అంది.

ఆ వారమంతా ముసురు. బూడిదరకం తడిస్తే పిండిలా మెత్తబడి బెల్టుకు అట్టకట్టేస్తుంది. బెల్టుతో పాటే తిరుగుతుంది తప్ప కింద పడదు. ఆ పొద్దున బాయిలర్‌కు బొగ్గు అందించే తొట్లు అడుగంటాయని యార్డు ఆఫీసరు నానా హడావిడి చేస్తున్నాడు. మేము బెల్టు కిందికి దూరి, చేతులు పడిపోయేలా గీకి, అద్దంలా చేసి బయటికి వచ్చాం. నాకు చాలా తృప్తిగా ఉండింది. బెల్టులు మొదలయ్యాయి.

కాసేపటికి మా మేస్త్రీ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఇవాళ బూడిదమ్మ ఒళ్లు చేసినట్టుంది చూడు."

చూశాను. బెల్టు మీద రోజూ అంచుకు బెత్తెడు లోపలే ఆగే కుప్ప, ఇవాళ అంచును ఒరుసుకుంటూ పోతోంది. నా కళ్లే బాలేవనుకుని అవతలి బెల్టు చూశాను. మేలురకం ఎప్పటిలాగే ఉంది. యార్డు ఫోను తీసి నెమ్మదయ్యకు చేశాను.

"అన్నా, బూడిదరకం ఎక్కువ పోతోంది. ఒకసారి చూడు."

"చూస్తూనే ఉన్నాను తమ్ముడూ. తెర మీద మూడు పాళ్లే ఉంది."

"కుప్ప అంచుదాకా ఉందన్నా."

"తడి బొగ్గు పొంగినట్టు కనబడుతుంది. నీ కంటిని నమ్మనా, తూకాన్ని నమ్మనా?"

ఫోను పెట్టేశాను. గేటు ఇంకాస్త లేచింది. నా ఎదుటే లేచింది. మళ్లీ ఫోను తీశాను.

"అన్నా, ఖాళీ తూకం ఎప్పుడు తీశావు?"

"పొద్దున్నే."

"మేం గీకకముందా, గీకాకా?"

"ఆఫీసరు తొందరపెడుతుంటే... కాస్త ముందుగానే తీసేశాను. ఏమవుతుందిలే. టీ తాగి మాట్లాడుకుందాం."

పుట్టిన దగ్గర్నుంచి తొందరపడని మనిషి ఆ ఒక్క పూటే తొందరపడ్డాడు. బురదను కూడా బెల్టు బరువుగానే తూకానికి నేర్పాడు. ఆ బురద నేను గీకేశాను. ఇప్పుడు ఆ మేరకు బరువు కనబడక, బొగ్గు తగ్గిందనుకుని తూకం గేటు ఎత్తుతోంది.

"బెల్టు ఆపి మళ్లీ తియ్యి అన్నా, నీకు దణ్ణం పెడతా."

"తొట్లు ఖాళీగా ఉన్నాయి. నేను ఆపితే నా ఉద్యోగం పోతుంది."

బెల్టు పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఎవరు లాగినా మూడు బెల్టులూ ఆగుతాయి. దాని పక్కనే నిలబడ్డాను. లాగితే బాయిలర్‌కు బొగ్గు అందక నష్టం, అది నా నెత్తిన. లాగకపోతే బూడిద లోపలికి చేరి మంట ఆరుతుంది, తడి బెల్టు సరిగ్గా గీకలేదని అదీ నా నెత్తినే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"లాగకు బాబూ, మనది కాని పాపం మనకెందుకు" అన్నాడు మేస్త్రీ.

"ఆరితే మనదే అంటారు."

"అంటే అననీ. చేత్తో లాగినవాడు దొరికినంత సులువుగా చూస్తూ నిలబడ్డవాడు దొరకడు."

అతని మాట వినాల్సింది. కుప్ప అంచు దాటి నేల మీదికి రాలడం మొదలైంది. లాగాను.

మూడు బెల్టులూ ఆగిపోయాయి. తొట్లలో ఉన్న కాస్త బొగ్గూ అయిపోయి, మంట నిలబెట్టడానికి నూనె కాల్చారు. ఈలోగా నెమ్మదయ్య ఏం చేశాడంటే, బెల్టు మీది బొగ్గును దింపించి, ఉత్త బెల్టును తిప్పి, నిమ్మళంగా ఖాళీ తూకం మళ్లీ తీశాడు. నేను బతిమాలిన పనే. నేను ఆపాకే చేశాడు.

బెల్టులు మళ్లీ కదిలేసరికి అంతా సవ్యంగా ఉంది. కుప్ప బెత్తెడు లోపలికి వచ్చింది. తూకం మీద బరువు బిళ్ల పెట్టి పరీక్షిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. బొగ్గు నమూనా పూట మొత్తానికి ఒకటే తీస్తారు, అందులో ఆ కాసేపటి బూడిద కలిసిపోయి ఆనవాలు లేకుండా పోయింది.

ఆఫీసరు గదిలో ముగ్గురమే ఉన్నాం.

"ఎందుకు ఆపావు?"

చెప్పాను. గీకకముందు, గీకాక అని రెండు చేతులతో చూపించి మరీ చెప్పాను. ఆఫీసరు నెమ్మదయ్య వైపు తిరిగాడు.

"ఖాళీ తూకం ఎప్పుడు తీశారు?"

"గీకాకే సార్" అన్నాడు. అబద్ధం కూడా కాదు. రెండోసారి తీసింది గీకాకే. "మా తమ్ముడు కంగారు మనిషి సార్. మనసు వెన్న. తప్పుగా అనుకోకండి."

బయటికి వచ్చాక వరండాలో నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇద్దరం మునిగితే రెండు కొంపలు చూసేదెవరు తమ్ముడూ? నేను ఉద్యోగంలో ఉంటేనే కదా, రేపు నీకు ఇంకో పని ఇప్పించేది."

"ఇప్పటికి ఇప్పించింది చాల్లే అన్నా" అన్నాను, ఆ చెయ్యి తీసేసి.

ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ నన్ను తిట్టలేదు. చెప్పులేసుకుని అక్క ఇంటికి వెళ్లింది, వచ్చింది, పొయ్యి ముందు కూర్చుంది.

"ఏమంది మీ అక్క?"

"మా ఆయన అబద్ధమాడరు అంది."

నూనె ఖర్చు కింద కాగితాలు వాళ్లే ఉంచుకున్నారు. స్థలం రెండు వందల పది గజాలు. తూర్పున రోడ్డు, పడమర లారీల షెడ్డు, ఉత్తరాన మురుగు కాలువ, దక్షిణాన నెమ్మదయ్య స్థలం.