మౌనం పట్టిన గోదాం

అక్క కూతురు మగ్గం పక్కనే కూలిపోయింది. దగ్గుకు అడ్డం పెట్టుకున్న చెయ్యి నోటి దగ్గర అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఊపిరితిత్తుల నిండా దూది. సూపర్‌వైజరు వచ్చి చూశాడు. శవాన్ని గోడవారకు జరిపించి, "మగ్గాలు ఆపకండి" అని సైగ చేశాడు. మగ్గాలు బాగుచేసే బాబాయి వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాడు.

సమ్మె అలా మొదలైంది. గాలి ఆడే కిటికీలు కావాలన్నాం. పిల్ల చావుకు జవాబు చెప్పమన్నాం. యజమాని మిల్లుకు తాళం వేశాడు.

ఖాళీ కడుపుతో కూర్చున్నవాడి దగ్గరికి ఒకడు వచ్చి "లే" అంటాడు. ఇంకొకడు వచ్చి "కళ్లు మూసుకో" అంటాడు. మా దగ్గరికి రెండోవాడు తెల్లబట్టల్లో వచ్చాడు. జనం అతన్ని దూత అన్నారు. లోకం అంతమైపోతోందన్నాడు. మరలు ఆగడమే దానికి గుర్తన్నాడు. పోయినవాళ్లు ఆవలి ఒడ్డున మనకోసం నిలబడి ఉన్నారన్నాడు. మిల్లు వెనక ఉన్న దూది గోదాంను యజమాని అతనికి ఊరికే ఇచ్చేశాడు. ఊరికే ఎవడైనా ఏదైనా ఇస్తే అనుమానించాలని మాకు ఇంకా తెలియదు.

అందరికన్నా ముందు అక్క వెళ్లింది.

"ఆయన నా పిల్లను చూశాడే."

"ఎక్కడక్కా?"

"అక్కడ. ఇప్పుడు దగ్గడం లేదట."

మా కార్మిక సంఘం పంచే కరపత్రాల్లో ఆవలి ఒడ్డు గురించి ఏమీ లేదు.

బాబాయి గోదాం గుమ్మంలో నిలబడి అరిచేవాడు. "లోకం మునిగిపోతుంటే యజమాని మేడ మీద ఇంకో మేడ ఎందుకు లేపుతున్నాడర్రా? వరదొస్తే ఎత్తుమీద కూర్చుని చూద్దామనా?"

జనం నవ్వారు. నవ్వుతూనే లోపలికి వెళ్లారు. లోపల అన్నం పెడుతున్నారు. బయట మేం పాటలు పెడుతున్నాం. సగం బస్తీ అటు పోయింది, తర్వాత ముప్పాతిక. ఇనపరాడ్లు పట్టుకున్న కాపలావాళ్లు పుట్టుకొచ్చారు. వెళ్లినవాళ్లు బయటికి రావడం మానేశారు. చివరికి దూత మౌనవ్రతం పెట్టాడు. మాటే మొదటి పాపమట. మాట లేకపోతే అనుమానం కూడా ఉండదని అతనికి తెలుసు. తలలో పుట్టిన అనుమానం ఇంకొకరి చెవిలో పడేదాకా నిజం కాదు.

అక్కను వదిలి ఉండలేక నేనూ, నన్ను వదల్లేక బాబాయీ భక్తుల్లా తలలు వంచుకుని లోపలికి వెళ్లాం. తలుపులు మూసుకున్నాయి.

అంతం వచ్చే రోజన్నారు. మిట్టమధ్యాహ్నం. రేకుల కప్పు కింద చెమటలు కారుతున్నాయి. దూది మూటల వెనక నీళ్లకని వెళ్లినప్పుడు నేను చూశాను. గోదాంలో ఎలుకలకు పెట్టే మందును కాపలావాళ్లు అందరికీ పోసే తీర్థం బానలో కలుపుతున్నారు.

వచ్చి నా వరసలో కూర్చున్నాను. అరిస్తే ఒక్క రాడ్డుతో నా మాట ఆగిపోతుంది. కానీ నేతపని చేసేవాళ్ల గురించి దూతకు ఒకటి తెలియదు. మరలు నడుస్తుంటే మాకు చెవులతో పనిలేదు. గొంతు ఎత్తకుండా పెదవులతో మాట్లాడుకుంటాం. ఆ చివర మగ్గం మీదివాళ్లు అత్తను తిడితే ఈ చివర నవ్వుతాం.

బాబాయి వైపు తిరిగి పెదవులు కదిపాను. "ఎలుకల మందు. తాగొద్దు."

బాబాయి పక్కవాడికి చెప్పాడు. వాడు వెనక్కి. మాట వరస తర్వాత వరస దాటింది. కదిలే పెదవులను చూసి ప్రార్థన అనుకుని ఒక కాపలావాడు చేతులు జోడించాడు.

అక్క మాత్రం ముందు వరసలో కళ్లు మూసుకుని కూర్చుంది. మూసిన కళ్లకు పెదవుల మాట అందదు. మొదటి గ్లాసు ఆమె చేతిలోనే పెట్టారు.

పక్కవాళ్ల మగ్గం మీద పోగు తెగి, వాళ్లు చూసుకోకపోతే, మా షెడ్డులో కాలితో నేలను తంతాం. అరికాళ్లకు తెలుస్తుంది. తన్నాను. రాడ్డు నా మోకాలి మీద పడింది. బాబాయి తన్నాడు. అతని వెనక ఇంకొకరు. తర్వాత గోదాం మొత్తం. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేల మాత్రం మగ్గాల షెడ్డులా అదిరింది.

అక్క కళ్లు తెరిచింది. నమ్మకం పోయి తెరవలేదు. ఏళ్ల తరబడి చేసిన పని ఆ కళ్లను తెరిచింది. దూతను చూడలేదు, ఎవరి పోగు తెగిందా అని మమ్మల్ని వెతికింది. మందు సంగతి పెదవులతో చెప్పాను.

ఆమె పెదవులు కదిలాయి. "మరి పిల్ల?"

అబద్ధం చెప్పడం తేలికే. కానీ నిజమే చెప్పాను. "అక్కడ ఎవరూ లేరక్కా."

అక్క గ్లాసులోకి చూసింది. తర్వాత దాన్ని నేలమీద బోర్లించింది.

"తాగండి!" అని దూత తన వ్రతం తానే తెంచుకున్నాడు. రాడ్లు లేచాయి. ఈసారి మేమూ లేచాం. బాన పగిలింది. తలలు పగిలాయి. ఆ గొడవలో దూత మోకాళ్ల మీద కూలబడి, నేలమీది నీళ్లు దోసిట పట్టి తాగేశాడు. అతను నిజంగానే నమ్మాడు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. నమ్మనివాడు మేడ మీద ఉన్నాడు.

మూటలు మోసే బండితో తలుపు బద్దలు కొట్టాం. బయట పోలీసులు తుపాకులు గురిపెట్టి ఉన్నారు. లోపల ఆయుధాలున్న పిచ్చిమూక ఉందని యజమాని చెప్పి పిలిపించాడు.

బాబాయి రెండు చేతులూ ఎత్తి ముందు నడిచాడు. "ఆగండయ్యా, లోపల పిల్లలు..."

మాట పూర్తి కాకుండానే గుండు తగిలింది.

అతని మీదికి వంగి, ఊపిరి ఆగిందని చూసి లేచేసరికి మిల్లు గేటు కనిపించింది. బార్లా తెరిచి ఉంది. లారీల మీద తాళ్లతో కట్టిన మా మగ్గాలు ఉన్నాయి. మేం కళ్లు మూసుకున్నన్నాళ్లూ యజమాని వాటిని విప్పుకుంటున్నాడు. గోదాం ఊరికే ఎందుకు ఇచ్చాడో అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది.

మొదటి లారీ కదిలింది. అక్క నడుచుకుంటూ వెళ్లి దాని ముందు రోడ్డు మీద కూర్చుంది.

"లేమ్మా, చస్తావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇందాకే చావబోయాను బాబూ. ఇప్పుడు పనుంది."

నేను కుంటుకుంటూ వెళ్లి పక్కన కూర్చున్నాను. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పోలీసులు తుపాకుల్లో మళ్లీ గుళ్లు నింపుతున్నారు. అక్క వెనక్కి తిరిగి చూసి, మోచేత్తో నన్ను పొడిచింది.

"కాస్త జరగవే. ఇంకా వస్తున్నారు."