పొద్దున పూట బాగానే ఉండే కళ్ళు

చెల్లెల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి అక్క సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన సర్దుతోంది. తువ్వాలు ముక్కిన వాసన కొట్టింది. చెల్లెలి అత్తారింట్లో ఏది ముట్టుకున్నా ఆమెకు చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

మంచం మీద చెల్లెలు తల వెనక్కి వాల్చి, రెప్పల సందులోంచి చూస్తోంది. ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. సూది రెండుగా కనబడుతోందని ఎండాకాలం నుంచీ మొత్తుకుంటోంది. పొద్దున లేవగానే కళ్ళు చక్కగా ఉంటాయి. పొద్దు వాలేసరికి రెప్పలు జారిపోతాయి, కనుగుడ్లు చెరో దిక్కుకి పోతాయి.

“పని చెప్పగానే మూతపడే కళ్ళమ్మా ఇవి!” అంది చెల్లెలి అత్తగారు, నోట్లో ముద్ద నములుతూనే.

“కంచం కనబడితే తెరుచుకుంటాయిలే,” అంటూ ఆవిడ కొడుకు రెప్పలు వాల్చి, నాలుక వేలాడేసి, పెళ్ళాన్ని అనుకరించాడు. తల్లీకొడుకులు పగలబడి నవ్వారు. అత్తగారి నోట్లోంచి ఎంగిలి తుంపర ఎగిరి సంచి మీద పడింది. అక్క సంచిని ఇవతలికి లాక్కుంది.

“డాక్టరుకి చూపించలేదా, మరిదిగారూ?”

“రెండుసార్లు చూపించా వదినా. నలుగురిలో పరువు పోకూడదని కంటినిండా నిద్రపోనిచ్చి, స్నానం చేయించి మరీ పొద్దున్నే తీసుకెళ్ళా. ఏ జబ్బూ లేదన్నాడు. ఈవిడ వేషాలు నాకు తెలీనివా!”

“అలిసిపోతే బయటపడే జబ్బుని నిద్రపుచ్చి చూపిస్తారటయ్యా?”

చెల్లెలు ఏదో అనబోయింది. మాట ముక్కుతో వచ్చింది. గుక్కెడు నీళ్ళు తాగబోతే అవీ ముక్కులోంచే కారాయి.

“ఛీ, తింటున్నాం కదే!” అని అత్తగారు కంచం పట్టుకుని అవతలికి జరిగింది.

“ఈ పూటకి పడుకోనివ్వండి, రేపు పొద్దున్నే...” అన్నాడు మరిది.

“ఇప్పుడే వెళ్తున్నాం,” అని అక్క చెల్లెలి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. అతను సణుక్కుంటూ వెంట నడిచాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వేలు పైకెత్తింది. “రెప్ప వెయ్యకుండా దీన్నే చూడమ్మా.” చూస్తుండగానే రెప్పలు తెరల్లా కిందికి దిగాయి.

“ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి, నరాల మాట కండరాలకి అందకుండా చేస్తోంది. దీనికి మందుంది. కానీ ఇప్పుడు ఊపిరి దాకా వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?”

“పొద్దున పూట బాగానే ఉండేదండీ,” అన్నాడు మరిది. చిటికెనవేలు చెవిలో తిప్పుకుని, చొక్కాకి తుడుచుకున్నాడు. అక్క మొహం తిప్పేసుకుంది.

అత్యవసర గదిలోకి తీసుకెళ్తుంటే చెల్లెలు వేలితో ఒక రెప్ప ఎత్తిపట్టుకుంది.

“ఇద్దరుగా కనబడుతున్నావక్కా.”

“ఇద్దరం ఇక్కడే ఉంటాంలే, నువ్వెళ్ళు.”

చెల్లెలు ఆ గదిలోంచి తిరిగి రాలేదు. ఆ వారమే, శుక్రవారం మధ్యాహ్నం పోయింది.